పన్నెండో ఒడి

ఓబులేసు ఊరికే ఎవరింటికీ రాడు. సర్పంచ్ అయ్యాక అసలే రాడు. ఆ సోమవారం పొద్దున తెల్ల పంచె అంచు పైకెత్తి పట్టుకుని సుబ్బులమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడంటే, ఏదో పని పడిందన్నమాటే.

"సుబ్బులమ్మా, గురువారం పంచాయతీ ఆఫీసు కాడ సామూహిక శ్రీమంతాలు పెట్టినాం. పదకొండు మంది ఆడపిల్లలు. చలిమిడి నువ్వే చెయ్యాల. బియ్యం, బెల్లం మా ఇంటి నుంచి పంపిస్తా. కూలి మాట మాత్రం ఎత్తొద్దు, పుణ్యకార్యం."

సుబ్బులమ్మ అరుగు మీద కూర్చుని మనవరాలికి పాలసీసా పడుతోంది. నాలుగు నెలల పాప. సీసా పీక వదిలిపెట్టకుండా కళ్ళు మాత్రం తిప్పి ఓబులేసు తెల్లబట్టల వంక చూసింది.

"చేస్తాలే అన్నా" అంది సుబ్బులమ్మ.

ఆయన పోబోతూ ఆగాడు. వంగి పాప బుగ్గ మీద వేలితో తట్టాడు. ముఖంలో నిజంగానే సంతోషం ఉంది.

"ఒళ్ళు చేసిందే! చూసినావా సుబ్బులమ్మా, ఆ రోజు నా మాట విన్నారు కాబట్టి సరిపోయింది. తీయించుకొని ఉంటే ఈ బంగారుతల్లి ఉండేదా?"

అని నవ్వి, పంచె సర్దుకుని వెళ్ళిపోయాడు. కోడలు ప్రసన్న పేరు ఎత్తనేలేదు. ఆ పాపను కన్న మనిషి ఒకతె ఉండేదనీ, ఆమె ఈ అరుగు మీదే కూర్చుని తల దువ్వుకునేదనీ ఆయనకు గుర్తే లేనట్టుంది. సుబ్బులమ్మ ఆయన పోయిన వైపే చూస్తూ సీసా మరీ ఎత్తింది, పాపకు పొలమారింది.

మధ్యాహ్నం నర్సమ్మ ఎలీషబా టీకా వెయ్యడానికి వచ్చింది. పాప తొడకు సూది గుచ్చి, దూది అదిమిపెట్టి, ఏడుపు ఆగేదాకా తనే భుజాన వేసుకుని తిరిగింది. సుబ్బులమ్మ పొద్దున జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ, "అయినా ఆయన్ని అనుకొని ఏం లాభం సిస్టర్, చట్టమే ఒప్పుకోనప్పుడు" అంది.

ఎలీషబా తిరగడం ఆపింది. "ఏ చట్టం?"

"ఆసుపత్రిలో బోర్డు ఉంటదిగా. కడుపులో బిడ్డ జోలికి పోతే నేరమని. ఓబులేసన్న సెల్లులో ఫోటో చూపించినాడు. జైల్లో వేస్తారన్నాడు."

"ఆ బోర్డు ఆడా మగా అని చూడటం గురించమ్మా. స్కానింగ్‌లో అది అడగడం, చెప్పడం నేరం. అంతే." ఎలీషబా పాపను మంచం మీద పడుకోబెట్టింది. "ప్రసన్నకు గుండె కవాటం పాడైంది. మూడో నెలలోనే పెద్ద డాక్టరు ప్రాణానికి ముప్పని రాసిచ్చినాడు కదా. అట్లాంటి తల్లికి తీయడానికి చట్టం ఎప్పుడో ఒప్పుకునింది. ఆ డాక్టరు రాసింది, ఆ పిల్ల సంతకం, ఆ రెండూ చాలు."

"మరి అప్పుడే చెప్పకపోతివే!"

"నేను ఈ ఊరికి వచ్చేసరికి ఏడో నెల పడింది." ఎలీషబా గొంతు తగ్గించింది. "నిజం చెప్తా. నాకు కూడా ఆ పనికి మనసు ఒప్పదమ్మా. ఎవరన్నా అడిగితే ముందు ప్రార్థన చేసుకుంటా. కానీ నాకు ఒప్పనిదాన్ని చట్టం ఒప్పదని చెప్పను."

నర్సమ్మ వెళ్ళాక సుబ్బులమ్మ మంచం కోడు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ప్రసన్నను ఓబులేసు ఇంటికి తీసుకుపోయింది ఎవరు? తనే. దూరాన పనికి పోయిన కొడుకు పవన్ ఫోనులో, "నువ్వెట్ల చెప్తే అట్లనే అమ్మా" అంటే, పెద్దమనిషిని ఒక మాట అడుగుదామని చెయ్యి పట్టుకుని మరీ తీసుకుపోయింది. డాక్టరు కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల ఆయన మెట్ల మీద కూర్చుంటే, ఆయన బోర్డు ఫోటో చూపించి, తీయించుకోవడం హత్య, నేరం అన్నాడు. ఆ పిల్ల తన వంక చూసింది. తను తల ఊపింది. ఊపింది తనే!

"నీ పెద్దరికం మీద మన్ను పొయ్య!" అని ఓబులేసును గట్టిగా తిట్టింది సుబ్బులమ్మ, ఇంట్లో పాప తప్ప ఎవరూ లేకపోయినా. అప్పుడే అనుకుంది, గురువారం ఆయన నలుగురిలో నవ్వుతూ కూర్చునే చోటే ఆ నవ్వు ఆర్పెయ్యాలని.

బుధవారం పొద్దున్నే చలిమిడికి పిండి దంచడానికి పక్కింటి మల్లి వచ్చింది. నానిన బియ్యం వడగట్టి, గుడ్డ మీద పరిచి, తడి పూర్తిగా ఆరకముందే రోట్లో పోశారు. ఆరిపోతే పిండి పొడిబారుతుంది, చలిమిడి చీలుతుంది. మల్లి దంచుతుంటే సుబ్బులమ్మ జల్లిస్తూ, రవ్వను మళ్ళీ రోట్లోకి తోస్తోంది. నాలుగు పోట్లకే మల్లి రోకలి ఆనించి ఆయాసపడింది.

"ఏందే, అప్పుడే?"

"నేను కూడా ఉండానంట పెద్దమ్మా, రేపు పదకొండు మందిలో. నాకు ఇంకా మూడో నెలే. శ్రీమంతం చేసే నెలేనా? లెక్క నిండాల, కూర్చో అంటాడు ఓబులేసు మామ."

మల్లికి ఇద్దరు ఆడపిల్లలు. రెండు కాన్పులూ కోతలే, రెండోది జరిగి ఇంకా ఏడాది తిరగలేదు.

"కుట్లు లాగుతుండాయి పెద్దమ్మా. రెండోసారి కోసినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, మూడేండ్లు ఆగకపోతే గర్భసంచి చిట్లుతాదని. కడుపు రాకుండా మందులు వాడినా నిలబడింది. నాకు ఇది వద్దు. మా ఇంటాయన, నీ ఇష్టం అన్నాడు. కానీ మార్కాపురం ఆసుపత్రికి పోతే జైల్లో వేస్తారని ఓబులేసు మామ..."

సుబ్బులమ్మ వింది. విన్నదే గానీ, చెవిలోకి పోయినంత లోపలికి పోలేదు. ఆమె కళ్ళ ముందు రేపటి షామియానా ఉంది, మైకు ఉంది, ఓబులేసు ముఖం ఉంది. "రేపు కానియ్యవే, తర్వాత చూద్దాం" అని జల్లెడ తట్టింది. మల్లి ఇంకేం అడగకుండా రోకలి ఎత్తింది.

బెల్లం పాకం పొయ్యి మీద పొంగి, బుడగలు చిన్నవయ్యాయి. సుబ్బులమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీసింది. మెత్తని ఉండ కట్టింది. దించి, ఏలకుల పొడి, వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ తెడ్డుతో తిప్పింది. ఊళ్ళో ఎవరి కడుపు పండినా చలిమిడి పాకం సుబ్బులమ్మే పట్టాలి. అయితే మొగుడు పోయిన మనిషి కాబట్టి ఒడి నింపేటప్పుడు ఎదురుగా ఉండకూడదు. చేతులు పనికొస్తాయి, ముఖం పనికిరాదు. ఇన్నేళ్ళూ షామియానా వెనకాల నిలబడే పళ్ళాలు అందించింది. అలాగే నిలబడి ప్రసన్నకు కూడా అందించింది.

నెయ్యి రాసుకుని ఉండలు చేసింది. పదకొండు చేశాక ఇంకొకటి చేసింది.

"పన్నెండోది ఎవరికి పెద్దమ్మా?" అంది మల్లి.

"ఉండారులే ఒకరు."

గురువారం షామియానా కింద పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు. పదకొండు జతల పాదాలకు పసుపు. చివరి కుర్చీలో మల్లి తల వంచుకుని, చీర కుచ్చిళ్ళు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. ఓబులేసు మైకు అందుకున్నాడు. సుబ్బులమ్మ వెనకాల బల్ల దగ్గర పాపను భుజాన వేసుకుని వింటోంది.

"మన బళ్ళో ఎంతమంది పిల్లలు ఉండారు? పదిహేడు మంది! ఇట్లే తగ్గితే బడి ఎత్తేస్తామంటాండారు. బడి పోయిన ఊరు ఊరేనా అమ్మా? అందుకే చెప్తాండా. కడుపున పడిన బిడ్డను తీయించుకునే ఆలోచన ఎవరూ చెయ్యొద్దు. అది ప్రాణం. ప్రాణం తీసే హక్కు తల్లికి కూడా లేదు." గొంతులో తడి ఉంది. ఆ మాట ఆయన నమ్మే చెబుతున్నాడు, అందులో నటన లేదు. "ఇంకో మాట. అదియ్యి ఇదియ్యి అని సర్కారు మీద పడొద్దు. మీ బిడ్డ మీ బాధ్యత. సర్కారు సొమ్ము అంటే నలుగురు కట్టిన పన్ను. కాన్పులకని పంచాయతీ షబ్బీర్ వ్యానుకు నెలనెలా బాడుగ ఇస్తాంటే, 108 ఉండగా ఇది దండగని నేనొచ్చినాక ఆపేసినా. రెండు లక్షల పైన మిగిల్చి వాపసు పంపినా. మెచ్చుకుంటా పై అధికారులు ఉత్తరం రాసినారు. ఆఫీసులో పటం కట్టించినా, చూడండి!"

చప్పట్లు కొట్టారు. సుబ్బులమ్మకు చప్పట్లు వినపడలేదు. నెలలు నిండకముందే నొప్పులొచ్చి, ఇంట్లోనే పాప పుట్టిన రోజు ఆమె కళ్ళ ముందుకొచ్చింది. ప్రసన్న పడుకుంటే ఊపిరాడక మంచం మీద లేచి కూర్చుంది. అత్త మణికట్టు పట్టుకుని, "అత్తా, బండి వచ్చిందా?" అని అడిగింది. 108 తర్లుపాడు వైపు పోయింది. షబ్బీర్ వ్యాను అప్పటికే పొదిలిలో ఎవరికో అమ్ముడుపోయింది. ప్రసన్న మళ్ళీ అడిగింది, బండి వచ్చిందా అని. మూడోసారి అడగలేదు.

ఓబులేసు పెళ్ళాం సరస్వతమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ వచ్చి ఒడి నింపింది. రవికె గుడ్డ, అరడజను గాజులు, అరటిపళ్ళు, చలిమిడి. మల్లి ఒడి కూడా నిండింది. సరస్వతమ్మ నడుం ఎత్తి, అయిపోయిందనుకుని చెంగుతో చెమట తుడుచుకుంటుంటే, సుబ్బులమ్మ షామియానా తెర పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. ఒక చేతిలో పళ్ళెం, భుజాన పాప.

"అయ్యో, నువ్వెందుకొస్తివి ముందరికి!" అంది ఎవరో ముసలామె.

సుబ్బులమ్మ ఎవరి వంకా చూడలేదు. నేరుగా పోయి ఓబులేసు కుర్చీ ముందు నిలబడింది.

"ఒడి పట్టు అన్నా."

"ఏందిది సుబ్బులమ్మా?"

"పన్నెండో ఒడి. పట్టు."

ఆయన ఒళ్ళో పరుచుకున్న కండువాలో రవికె గుడ్డ పెట్టింది. గాజులు పెట్టింది. చలిమిడి పెట్టింది. దాని పక్కన పాపను పెట్టింది. పాప పడిపోతుందేమోనని ఆయన రెండు చేతులూ వాటంతటవే వచ్చి పట్టుకున్నాయి. మైకు ఆయన ముఖం ముందే ఉంది. సుబ్బులమ్మ మాట ప్రతిదీ వీధి చివరిదాకా పోయింది.

"మీ బిడ్డ మీ బాధ్యత అంటివి కదా. ఇది నీ బిడ్డే. నువ్వు ఉంచమన్న బిడ్డ. ఆ బోర్డు ఆడా మగా చూసేదాని గురించంట. నా కోడలికి చట్టం అడ్డం లేదంట. నువ్వే అడ్డం, నీ మాట నమ్మిన నేను అడ్డం. బండి ఆపి దుడ్లు మిగిలిస్తివి, మెచ్చుకోలు పటం కట్టించుకుంటివి. దాని పక్కన నా కోడలి పటం కూడా కట్టు. దీన్ని నువ్వే సాక్కో."

సుబ్బులమ్మ వెనక్కి తిరిగి, ఆ కుర్చీల మధ్య నుంచే, అందరి ఎదురుగా నడిచి ఇంటికి పోయింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు ఆకలేసింది. కుండలో మిగిలిన సంగటి అంతా పచ్చడి వేసుకుని తింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మల్లి వచ్చి జరిగింది చెప్పింది. ఓబులేసు పాపను ఎత్తుకుని లేచి, మైకులోనే, "నేనన్న మాట మీద నిలబడతా. ఈ బిడ్డను నా ఇంట్లో పెంచుతా" అన్నాడట. ఊరు ఊరంతా చప్పట్లేనట. పాపను ఎత్తుకున్న ఫోటో సెల్లుల్లో తిరుగుతోంది. సర్పంచ్ అంటే ఇట్లా ఉండాలని కంభం నుంచి కూడా ఎవరో రాశారట.

"ఓయబ్బ! దాన్ని కూడా గొప్ప చేసుకున్నాడా!" అని సుబ్బులమ్మ చేతిలో చెంబు విసిరికొట్టింది. చెంబు సొట్టపడింది.

శుక్రవారం ఎటూ కదల్లేదు. శనివారం సీసాలు కడగడానికని లేచి, కడగాల్సిన సీసాలు లేవని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. పాప నిద్రపోయేటప్పుడు పిడికిట్లో పట్టుకునే ప్రసన్న పాత చీర ముక్క దండెం మీదే ఉండిపోయింది. అది లేకుండా ఎట్లా నిద్రపోతోందో. పోనీ, ఆయన్నే ఏడిపించనీ! నిద్ర లేకుండా చెయ్యనీ! తెల్లబట్టల మీద పొయ్యనీ! ఇట్లా అనుకున్నప్పుడల్లా కాస్త బాగుండేది. ఆదివారం మధ్యాహ్నానికి ఆగలేక, చీర ముక్క కొంగున దాచుకుని బయల్దేరింది. ఆయన కళ్ళు గుంటలు పడి ఉండటం ఒక్కసారి చూసి రావాలి.

ఓబులేసు ముందు అరుగు మీద ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, బట్టలు తళతళలాడుతున్నాయి. ఇద్దరు మనుషులను కూర్చోబెట్టుకుని, "పాప వచ్చినాక ఇల్లు కళకళలాడతాంది" అని చెబుతున్నాడు. సుబ్బులమ్మ పక్కసందులో నుంచి దొడ్డివైపు పోయింది.

దొడ్లో నీళ్ళతొట్టి దగ్గర సరస్వతమ్మ పీట మీద కూర్చుని పాప గుడ్డలు ఉతుకుతోంది. మోకాళ్ళకు గుడ్డపట్టీలు కట్టుకుంది. జుట్టు దువ్వి రెండు రోజులై ఉంటుంది. పక్కనే పాత చీర ఉయ్యాలలో పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, ఒక చేత్తో ఉతుకుతూ, ఇంకో చేతికి కట్టుకున్న తాడుతో ఉయ్యాల లాగుతోంది.

సుబ్బులమ్మ పోయి పాపను ఎత్తుకుంది. చీర ముక్క చేతికిచ్చింది. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది.

"వచ్చినావా" అంది సరస్వతమ్మ, ఉతకడం ఆపకుండా. "మూడు రోజులైంది సుబ్బులూ, కన్ను మూత పడి."

"ఆయన పట్టుకోడా వదినా?"

"ఫోటో దిగేటప్పుడు పట్టుకుంటాడు." సరస్వతమ్మ గుడ్డ పిండి తీగ మీద వేయబోయింది. లేవలేక మళ్ళీ కూలబడింది. "నువ్వేమో ఆయన ఒళ్ళో పెట్టిపోతివి. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఆయన నా ఒళ్ళో పెట్టినాడు."

వారం రోజులుగా పళ్ళు కొరుకుతూ పెంచుకున్న పగ అంతా పోయి ఈ మోకాళ్ళ మీద పడిందా! సిగ్గు ముంచుకొచ్చింది. పాపను భుజాన వేసుకుని, తీగ దగ్గరికి పోయి, గుడ్డలన్నీ తనే ఆరేసింది.

"నాది తప్పే వదినా. తీసుకపోతా దీన్ని."

"తీసుకపోతే ఆయనకేమైతది? రేపటి నుంచి మళ్ళీ మైకే." సరస్వతమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. ఆమె కళ్ళలో నిద్ర లేదు గానీ, ఇంకేదో ఉంది. "నేనూ ముగ్గుర్ని కన్నా. ముగ్గురికీ ఆయన గుడ్డ మార్చింది లేదు, పాలు కలిపింది లేదు. కనాల కనాల అంటాడు. కన్నాక ఏం చెయ్యాల్నో ఒక్క దినమన్నా చేసి చూసినాడా?"

సుబ్బులమ్మకు అప్పుడు, మల్లి రోకలి ఆనించి ఆయాసపడుతూ చెప్పింది గుర్తొచ్చింది. చెప్పినప్పుడు వినని మాటంతా ఇప్పుడు వినపడింది. సరస్వతమ్మకు మొత్తం చెప్పింది.

సరస్వతమ్మ పీట మీదే ఇటు తిరిగింది. "అది తప్పో ఒప్పో నాకు తెలీదు సుబ్బులూ. నా చేత్తోనే దాని ఒడి నింపితి. తల ఎత్తి నా ముఖం కూడా చూడలేదు ఆ పిల్ల." తొట్టి అంచు పట్టుకుని లేస్తూ, "పొద్దున మార్కాపురం బస్సు ఎన్నింటికి?" అంది.

"ఏడున్నరకు. దేనికి?"

"సర్పంచ్ పెళ్ళాం పక్కనుంటే ఎవరు జైల్లో వేస్తారో చూద్దాం."

ఆదివారం సాయంత్రమే ఎలీషబా మల్లి కాగితాలు చూసింది. "ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి రాస్తది, మల్లి సంతకం పెడితే చాలు. ఎవరూ ఆపరు. నేను ముందే ఫోన్ చేసి చెప్తా" అని ఒక చీటీ మీద ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో రాసిచ్చింది. రాసి, మల్లి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది.

సోమవారం ఏడు గంటలకే ఓబులేసు రోజూలాగా బస్సు ఆగే చోట టీ బంకు బల్ల మీద పేపరు చదువుతున్నాడు. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. సరస్వతమ్మ వచ్చి ఆయన చేతిలో పేపరు తీసి పక్కన పెట్టింది. ఒళ్ళో పాపను పెట్టింది. బల్ల మీద పాలపొడి డబ్బా, సీసా, కాచి చల్లార్చిన క్యాను నీళ్ళు, నాలుగు ఉతికిన గుడ్డలు, ప్రసన్న చీర ముక్క వరసగా పెట్టింది.

"ఏందే ఇది? యాడికి పోతాండావు?"

"మార్కాపురం. మల్లిని ఆసుపత్రికి తీసుకపోతాండాం."

ఆయన మల్లి వంక చూశాడు. మల్లి సుబ్బులమ్మ వెనక్కి జరిగింది, కానీ పోలేదు. ఆయనకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "సరస్వతీ, తెలిసే చేస్తాండావా? అది ప్రాణం!"

"ఇది కూడా ప్రాణమే. రెండు గంటలకొకసారి పాలు తాగుతది, మధ్యలో నాలుగుసార్లు తడుపుతది. సాయంత్రం దాకా నువ్వే మొయ్యి. ఇంట్లో ఎవరూ లేరు, తలుపు తాళం వేసినా." తాళంచెవి రొంటిన దోపుకుంది.

"నా వల్ల యాడైతది? పదకొండుకు మీటింగు ఉంది నాకు!"

"పో మరి, ఎత్తుకొనే పో."

టీ బంకులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబులేసు అటు తిరిగేసరికి నవ్వు ఆగింది. కానీ ఎవరూ లేచి పాపను అందుకోలేదు. బస్సు వచ్చింది. మోకాళ్ళు పట్టుకుంటున్న సరస్వతమ్మకు చెయ్యి అందించి మల్లే ఎక్కించింది. సుబ్బులమ్మ చివర ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కింద, పాప ఓబులేసు కండువా కొస నోట్లో పెట్టుకుంది. నోటికి పాలు రాకపోయేసరికి ముఖం ముడిచి, గుక్కపట్టింది. ఆయన ఒక చేత్తో పాపను అదిమి, ఇంకో చేత్తో సీసా అందుకున్నాడు. మూత తిప్పబోతే అది దొర్లి కింద పడింది. మూత కోసం వంగితే పాప జారింది. మళ్ళీ లేచాడు. తెల్లచొక్కా మీద చేరెడు తడి.

బస్సు కదిలింది. ఓబులేసు డబ్బా ఎత్తిపట్టుకుని రెండడుగులు వెంబడి వచ్చాడు.

"సుబ్బులమ్మా! ఎన్ని చెంచాలు వెయ్యాలమ్మా దీంట్లో? ఎన్ని చెంచాలు?"

ఎన్నో సుబ్బులమ్మకు తెలుసు. నాలుగు నెలలుగా చేతికి వచ్చిన లెక్క. చెప్పకుండా పోదామా అనిపించింది, ఒక్క క్షణం. పాప ఏడుపు బస్సులోకి వినపడుతోంది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"డబ్బా మీద రాసుంది చూడన్నా!" అని అరిచింది. "ఈ తూరన్నా సరిగ్గా చదువు!"

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె తల లోపలికి తీసుకోలేదు. ఓబులేసు దుమ్ములో నిలబడి, పాపను చంకలో ఇరికించుకుని, డబ్బాను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు.